వాక్యూమ్ బల్లకు బొట్లు

మా తాడేపల్లిగూడెం షెడ్డులో చెక్కపనికి వాక్యూమ్ బల్ల కొన్నాను. పంపు వేస్తే బల్లకున్న కన్నాల్లోంచి గాలి లాగి, పైన పెట్టిన చెక్కను కదలకుండా పట్టేస్తుంది. దసరా పూజలో మా అమ్మ ఒక్క కన్నమూ వదలకుండా తడి పసుపు అద్ది కుంకుమ పెట్టింది. పూజ బొట్లు తుడవకూడదంది. సరేనని మర్నాడు అలాగే టేకు పలక పెట్టి, చెక్కను తొలిచే రౌటర్ మిషను నడిపాను. ఎండిన పసుపు కన్నాలను మూసేయడంతో పలక జారింది. రౌటర్ నా వేలి పక్కనుంచి పోయింది.

"నీ పసుపు వల్లే జారిందమ్మా" అని విసుక్కున్నాను.

"ఆ పసుపు వల్లే నీ వేలు మిగిలిందిరా" అంది.

నేను పిన్నీసుతో ఒక్కో కన్నం పొడిచి శుభ్రం చేస్తుంటే, మళ్ళీ బొట్లు పెట్టడానికి అమ్మ కుంకుమ భరిణెతో వచ్చి వెనకే నిలబడింది.