మామయ్య నెత్తిన నారింజ రంగు

మా మామయ్య ఊరందరి జుట్టూ కత్తిరిస్తాడు గానీ, ఆయన నెత్తిమీద దువ్వడానికేమీ లేదు. సెలూన్‌లో మూడు వైపులా అద్దాలే. ఎటు తిరిగినా తన బట్టతలే ఎదురొస్తుంటే చూపు కత్తెర మీదకి తిప్పుకుంటాడు. మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. అమ్మ ఆయన పెళ్ళి మాట ఎత్తితే చాలు, హెయిర్ డ్రయర్ ఆన్ చేసి ఏమీ వినబడనట్టు నిలబడేవాడు.

అలాంటి మనిషి, ఎదురుగా మందుల షాపు తెరిచిన మేడమ్‌ని చూసి బోల్తాపడ్డాడు. ఆవిడా ఒంటరి మనిషే. కళ్ళజోడు నెత్తిమీదకి తోసుకుని, దానికోసం షాపంతా వెతికే రకం. మామయ్య లేని తలనొప్పికి మాత్రలు, రాని దగ్గుకి సిరప్పులు కొనితెచ్చి మా అల్మారా నింపేశాడు.

"అడిగెయ్ మామయ్యా, పీడా పోతుంది" అన్నాను.

"ఈ తలతోనా? ముందువైపు నాలుగు వెంట్రుకలు మొలవనీ. ఆ రోజే అడుగుతా. అప్పటిదాకా అడిగితే ఒట్టు!"

ఒట్టు పెట్టుకున్నాక ఆయన్ని కదపడం ఎవరి తరమూ కాదు. నాకు బెంగ పట్టుకుంది. నాలుగు వెంట్రుకల కోసం మనిషి జీవితాంతం ఒంటరిగా ఉండిపోతాడేమోనని నిజంగానే భయపడ్డాను.

చివరికి ఒకరోజు సిగ్గు చంపుకుని, జుట్టుకి మందేదైనా ఉందా అని ఆవిడనే అడిగాడు. పక్కన నేనున్నాను.

"విటమిన్ ఇ అంటే ఒక్కటే అనుకుంటారండీ అందరూ. అది ఎనిమిదిమంది తోబుట్టువుల కుటుంబం" అంది ఆవిడ హుషారుగా. "టోకోఫెరాల్స్ అని నలుగురున్నారు, పేరంతా వాళ్ళదే. టోకోట్రైనాల్స్ అని ఇంకో నలుగురున్నారు, పాపం వాళ్ళ మొహం చూసేవాళ్ళు లేరు. తవుడు నూనెలో, పామాయిల్లో, బార్లీలో ఉంటారు. ఒంట్లో కణాలు పాడవకుండా కాపలా కాస్తారట. కొలెస్ట్రాల్‌కీ, మెదడుకీ మేలు చేస్తారేమోనని ఇంకా పరీక్షలు చేస్తున్నారు. జుట్టు విషయంలో కూడా ఒక చిన్న పరీక్షలో మంచి ఫలితం వచ్చింది. చిన్నదే సుమండీ, ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అన్నట్టు, రక్తం పలచబడే మందులేమీ వాడట్లేదు కదా?"

"ఏమీ లేవండీ" అన్నాడు మామయ్య. జుట్టు అన్న మాట తర్వాత ఆయన చెవికి ఇంకేదీ ఎక్కలేదని నాకు తెలుస్తూనే ఉంది.

ఆవిడిచ్చిన గొట్టం మాత్రల సీసా పట్టుకుని ఇంటికొచ్చాడు. గొళ్ళెం పెట్టుకుని, ఒక గొట్టాన్ని క్షవరం కత్తితో చీల్చాడు. లోపల ఎర్రటి నూనె. జీవితమంతా నూనె అన్నది నెత్తికి మర్దన చేసిన చేతులాయె, ఇంకో ఆలోచన ఎందుకొస్తుంది? శుభ్రంగా నెత్తికి పట్టించాడు. రోజూ అదే వరస. వారం తిరిగేసరికి నెత్తి నారింజపండయి కూర్చుంది. దిండు గలీబులు నారింజ, సెలూన్ తువ్వాళ్ళు నారింజ. అమ్మ బట్టలు ఉతకలేక నెత్తీనోరూ కొట్టుకుంది. నేను నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాను. ఆయన మాత్రం టోపీ పెట్టుకుని, రోజూ భూతద్దంతో మొలకలు వెతుక్కున్నాడు.

సీసా అయిపోయింది. ఇంకోటి కొందామని వెళ్తే ఆవిడ అడిగింది, "ఎప్పుడు వేసుకుంటున్నారండీ?"

"పొద్దున్నే, తల తుడుచుకున్నాక."

"ఖాళీ కడుపునా?"

"కడుపుతో దీనికేం పని మేడమ్?"

ఆవిడ ఆయన టోపీ వైపు చూసింది. అంచు కింద నారింజ గీత కనబడుతోంది. "ఒక్కసారి తియ్యండి" అంది. తీశాడు.

ఆవిడ నవ్వింది చూడండి! బల్ల పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, మధ్యలో "మింగాలండీ బాబూ, మింగాలి" అంటూ నవ్వింది. నేనూ తోడయ్యాను. ఇద్దరికీ ఊపిరాడలేదు.

మామయ్య మొహం మాడిపోయింది. "నవ్వండి మేడమ్. మీ పక్కన నిలబడడానికి తగ్గ తల ఒకటి తెచ్చుకుందామని నా తిప్పలు నేను పడ్డాను" అనేసి, అన్న మాట తనకే వినబడి బిగుసుకుపోయాడు.

మా ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

ఆవిడ ఇంకో సీసా తీసి, కాగితంలో చుట్టి, చాలాసేపు చుడుతూనే ఉంది. "ఇది భోజనంతో వేసుకోవాలి. అందులో కాస్త నూనో నెయ్యో ఉండాలి, లేకపోతే ఒంటికి సరిగ్గా పట్టదు. మధ్యాహ్నం ఏం తింటారు?"

"బన్ను. నిలబడే తినేస్తాను."

"అలా కుదరదు. రేపట్నుంచి షట్టర్ దించి మా ఇంటికి రండి. నేనూ ఒక్కదాన్నే తింటున్నాను."

మామయ్య చేతిలో టోపీ నలుపుతూ అడిగాడు. "ఎన్నాళ్ళు వాడాలి మేడమ్?"

"గొట్టాలు ఎప్పుడైనా మానేయొచ్చు" అంది ఆవిడ, ఆ నారింజ నెత్తిని తేరిపార చూస్తూ. "భోజనం మాత్రం మానడానికి వీల్లేదు."