బానెట్ మీద పాలక్యాను

నన్ను వదిలించుకున్నాకే మా ఏడో తరగతి బాగుపడింది. అలాంటి నాకు, నంద్యాల కాలేజీలో పరిశోధన చేసే మా అక్క కూతురు ఒక పని చెప్పింది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఆళ్లగడ్డలోని మా ఇంటికి పొరపాటున చేరిన యాంటీబాడీ సీసాను ఐసులో పెట్టి తేవాలి. కణాల విభజనను ఆపే ప్రోటీన్‌ను అది పట్టి చూపుతుందట. వేడి తగిలితే పాడైపోతుందట.

పాలక్యానులో ఐసు నింపి, సీసా పెట్టి బస్సెక్కాను. జనం తొక్కుతారని కండక్టర్ జాలిపడ్డాడు. "ఈడ భద్రంగా ఉంటాదిలేప్పా" అంటూ క్యాను లాక్కుని డ్రైవర్ పక్కన పెట్టాడు. అది ఇంజన్ బానెట్ అని నంద్యాలలో దిగేటప్పుడు చూశాను. లోపల ఐసు లేదు, వేడినీళ్లున్నాయి.

సీసా కోసం ఎదురొచ్చిన పిల్ల బస్టాండులోనే కూలబడింది.

"ఇంగొకటి యాడ తెచ్చేది మామా? నా చదువు అయిపాయ."

"గుడ్డయితే ఉడికినా తినుండొచ్చు గదమ్మా" అన్నాను.

ఆమె కన్నీళ్లు కూడా తుడుచుకోలేదు.

"ఇంక చాలు, ఆగు అని కణానికి చెప్పే ప్రోటీన్ ఉంటాది మామా. నీ నోటికే లేదు."