మా తాతను పంచుకున్న క్రిస్మస్

నా చిన్నప్పుడు మా ఇంట్ల చావి తిప్పితే ఉరికే ఇనుప రైలుండె. దానికి పొగగొట్టం, పొగగొట్టంల నుంచి నిజం పొగ. జమ్మికుంట టేషన్ల ఆగే అసలు రైలును ఇడిచిపెట్టి, హుజూరాబాద్ జనం బండ్లు కట్టుకొని నా రైలును చూడనీకి వచ్చేటోళ్లు.

మనుమలకు ఈ ముచ్చట చెప్పి చెప్పి ఒక్కోనాడు నాకే నమ్మబుద్ధయితది. రైలు లేదు. చావి సుత లేదు. నాకున్నది జొన్నబెండ్లతోని చేసిన ఎడ్లబండి. దాని ఒక చక్రాన్ని మేక తిన్నది.

అసలు బొమ్మలున్నది కంపౌండరు కొడుక్కు. వాళ్ల నాయిన మిషను దవాఖానల మందులు కలిపేటోడు. వాడు బడిల నా పక్కకే కూసునేటోడు. రజాకార్ల లొల్లి సద్దుమణిగి, ఉర్దూ పోయి బడిల తెలుగు చదువు వచ్చిన కొత్తలు. క్రిస్మస్ సెలవులు అయిపోంగనే వాడు అంగీ జేబుల కొత్త బొమ్మ పెట్టుకొని వచ్చేటోడు. ఓ ఏడు రబ్బరు బాతు, ఓ ఏడు గిర్రున తిరిగే రేకు బొంగరం. ముట్టుకుంటనంటే, "నీ చేతులకు చెమట, తుప్పు పడతది" అనేటోడు. నేను చేతులు లాగుకు తుడుసుకొని మల్ల చాపేటోన్ని.

"ఎవలిచ్చిన్రురా?" అని ఓనాడు అడిగిన.

"మా క్రిస్మస్ తాత."

ఆ పొద్దు ఇంటికొచ్చి బాపును అడిగిన. బాపు పత్తి మార్కెట్ల కాంటా కాడ పని చేసేటోడు. కనుబొమ్మల మీద పత్తి పింజలు అట్లనే ఉన్నయి.

"బాపూ, క్రిస్మస్ తాత మనకేమైతడు? అమ్మ దిక్కా, నీ దిక్కా?"

బాపు నవ్వి, "ఏ దిక్కూ కాదురా. గాయన మనోడు కాడు" అన్నడు.

"ఉన్న ఒక్క తాతతోనే పరేషానయితున్న, ఇంకో తాతెందుకురా నీకు?" అన్నది మా బాపమ్మ.

ఉన్న ఆ ఒక్క తాత పగలంత మార్కెట్ల పత్తి బోరాలు మోసేటోడు. వయసుల ఉన్నప్పుడు భాగోతం ఆడిండు. బోథ్ దాక పోయి రాక్షసుని వేషం కట్టిండు. ఆయన గజ్జె కట్టి ఎగిరితే నేల పగిలేదని నేను చెప్తుంట. పగిలింది నేల కాదు, ఒక బల్ల. అది ముందే పుచ్చిపోయి ఉన్నదట.

ఓ ఏడు డిసెంబరుల మిషను చర్చి పాదిరయ్య మా ఇంటికొచ్చి మంచం మీద కూసున్నడు. ఏటేటా క్రిస్మస్ తాత వేషం కట్టేటాయన చలిజ్వరంతోని పడ్డడట.

"నువ్వు జర వచ్చి ఎగిరితే పిల్లలు సంబురపడుతరు" అన్నడు తాతతోని.

ఆయన మాట పూర్తికాకముందే మా తాత సరేనన్నడు. బాపమ్మ లోపటి నుంచి, "ఏ దేవునికి ఎగురుతున్నవో తెలుసా నీకు?" అన్నది.

"నేను పోరగాళ్లకు ఎగురుతనే. దేవుని ఫికరు నీకెందుకు?"

వాళ్లిద్దరి లొల్లి నాకు పట్టలే. నాకు తెలిసింది ఒక్కటే. క్రిస్మస్ తాత ఇప్పుడు మా దిక్కోడు. బొమ్మలు పంచే చెయ్యి మా ఇంట్ల అన్నం తింటున్నది. కంపౌండరు కొడుకు దిక్కు చూసుడు బంద్ చేసిన. వానికి చెప్పాలని నాలుక దురద పెట్టింది గాని, "ఎవలికన్న చెప్పినవంటే వేషం పాడైతది" అని తాత ముందే కట్టడి చేసిండు.

పండుగ పొద్దున తాత బాపు తెచ్చిన పత్తిని దువ్వి, సన్నబట్టకు మైదా లైతోని అంటించి గడ్డం చేసి, అదే లైతోని చెంపలకు అతికించుకున్నడు. ఎర్రకోటు లోపట కడుపు మీద ఇంకింత పత్తి కట్టిండు. చర్చి వెనుక నుంచి డప్పు మోగంగ బయటికొచ్చినప్పుడు తాటిచెట్టంత ఉన్నడు. సరే, తాటిచెట్టు కాదు. మా తాత పొట్టోడు. నా కండ్లకు ఆ పొద్దు గట్ల కనబడ్డడు.

ముందుగాల పిల్లలు భయపడి తల్లుల కొంగుల చాటుకు పోయిన్రు. తర్వాత ఒక్కొక్కరే దగ్గరికొచ్చిన్రు. ఇగ అక్కడికెల్లి నా తిప్పలు మొదలయినయి. అందరు తాతా, తాతా అని పిలుస్తున్నరు. అప్పటిదాక ఆ మాట నా ఒక్కనిది. నేను సుత గొంతు చించుకొని పిలిచిన. ఆ గోలల నా తాతకు, వాళ్ల తాతకు ఫరకే లేదు. ముక్కు కారుతున్న ఓ పిల్ల నెత్తి మీద, నా నెత్తి మీద ఎట్ల పెడతడో అట్లనే చెయ్యి పెట్టిండు. కంపౌండరు కొడుకును భుజం మీదికెత్తుకున్నడు. బోరాలు మోసి మోసి ఆ భుజం మీద కాయ కాసింది. దానికి తగలకుండ కాళ్లు ఎట్ల పెట్టాల్నో నాకు తెలుసు. వాడు తప్పు పెట్టిండు. తాత ఇంకింత ఎగిరిండు.

పాదిరయ్య ఆదివారం బడికి వచ్చే పిల్లల పేర్లు పిలుస్తుంటే, తాత సంచిలకెల్లి తీసి ఒక్కొక్క బొమ్మ ఇస్తుండు. కంపౌండరు కొడుక్కు ఒత్తితే టిక్కుటిక్కుమనే రేకు కప్ప వచ్చింది. నేను వరుస చివర నిలబడ్డ. నా పేరు పిలవరని తెలుసు. పిలవకపోతేంది, ఇచ్చేటోడు మా తాతనాయె.

నా వంతు వచ్చింది. తాత వంగిండు. భాగోతం గొంతుతోని అడిగిండు.

"ఎవలి పిల్లగానివి బిడ్డా?"

ఇక్కడ నేను గడ్డం పట్టి గుంజిన్ననీ, పత్తంత గాలికి లేచిందనీ, పాదిరయ్య సొమ్మసిల్లి పడ్డడనీ మనుమలకు చెప్త. గుంజలే. చెయ్యే లేవలే. నేనన్నది ఒక్కటే.

"నాకు తాత లేడు. సచ్చిపోయిండు."

డప్పు మోగుతనే ఉన్నది. తాత కాలు ఒక దరువు తప్పింది. డప్పు కొట్టేటాయన తలెత్తి చూసిండు. సంచిల చెయ్యి పెట్టకుండ, చూడవచ్చిన పిల్లలకు పంచే బూంది పిడికెడు నా చేతుల పోసి, తాత ముందుకు పోయిండు. ఆ బూందిని నేలకు కొట్టిన్నని చెప్తుంట. తిన్న.

పొద్దూకంగ తాత ఇంటికొచ్చి ముఖం కడుక్కున్నడు. లై అంటిన కాడ చెంపలు కందినయి. బాపమ్మ కంచం పెట్టింది.

"సచ్చినోనికి కంచమెందుకే. ఇంత ముద్ద గోడ మీద పెట్టు, కాకొచ్చి తింటది."

"పండుగపూట గవేం మాటలు?"

"నీ మనుమన్ని అడుగు."

నేను మూలకెల్లి అన్న, "నన్ను ఎవలి పిల్లగానివని అడుగుతవా?"

"వేషం కట్టినంక ఇంటోళ్లను గుర్తుపట్టద్దురా. మా గురువు పెట్టిన కట్టుబాటు. ఓసారి మీ బాపమ్మ ఆట నడుమ సల్ల తెచ్చిస్తే, ఎవలమ్మ నువ్వు అని అడిగిన."

"సల్ల మాత్రం ముంతెడు తాగిండు" అన్నది బాపమ్మ.

నాకు నవ్వు రాలే. "వానికి రేకు కప్ప ఇచ్చినవు" అన్న.

"అవి నావి కావు బిడ్డా. పేరు పిలిచినోళ్లకు ఇయ్యమన్నరు, ఇచ్చిన. నా తాన నాదని ఏమున్నది? గీ ఎగురుడొక్కటే."

"అయితే నాకొక్కనికే ఎగురు."

తాత నన్ను చూసిండు. కలిపిన ముద్ద కంచంల పెట్టి, "మూత పెట్టవే" అని లేచిండు. గడ్డం లేదు, ఎర్రకోటు లేదు. ముఖం కడుక్కున్నడు గనుక, ఎవలి ముందట ఎగురుతున్నడో ఆయనకు తెలుసు. నేను నూక డబ్బా తీసుకొని దరువు వేసిన. పెంకులు రాలేదాక ఎగిరిండని రాద్దామనుకున్న. రెండు సుట్లు తిరిగిండు. ఆయాసమొచ్చి గుంజకు ఆనుకొని దగ్గబట్టిండు.

"ఇంకొక్కసారి" అన్న.

మల్ల లేచిండు. డబ్బా సప్పుడు వాడంత వినబడ్డదేమో, పక్కిండ్ల పోరగాళ్లు వచ్చి తలుపు కొట్టిన్రు. "తాతా, ఏమాడుతున్నరు? మేం సుత సూస్తం."

"తలుపు తియ్యిరా, పిల్లలు" అన్నడు తాత, ఎగురుకుంటనే.

నేను డబ్బా కింద పెట్టి, తలుపుకు వీపానిచ్చి నిలబడ్డ.