రెండు ఏప్రిల్ సైజు గాజులు

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి టైపు చేస్తుంటే చేతి గాజులు గలగలమంటాయి. పక్కవాళ్లు విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొస్తుంది. పాతబస్తీలోని ఆ గాజుల దుకాణం, మేడ మీద నా మొదటి కంప్యూటరు, పక్కన కుర్చీలో రజియా ఆపా, అన్నీ కళ్లముందుకొస్తాయి.

ఆపా అంటే అక్క. ఆవిడే ఆ దుకాణానికి యజమాని. ఎవరి చెయ్యయినా పట్టుకుని వేళ్ల కణుపులు నొక్కి, సైజు ఇట్టే చెప్పేసేది. ఉద్యోగం కోసం వెళ్లిన రోజు నా చదువు సంగతి అడగనే లేదు. నా చెయ్యి నొక్కి, "టూ-ఫోర్. సన్నటి చెయ్యి, పని మంచిగ చేస్తవ్. పదిహేను దినాలు చూస్త" అంది. కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ పని చేసే మా నాన్న కూడా సరిగ్గా అదే గడువు పెట్టాడు. ఆపా పనిలో ఉంచుకుంటే సరి, లేకపోతే బ్యాంకు పరీక్షల కోచింగు. ఆ కోచింగు పేరెత్తితేనే నాకు ఒళ్లు మండేది.

దుకాణం వెబ్‌సైటులోని గాజుల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా బయటికి తీసే ప్రోగ్రాం రాయడం నా పని. అంటే వరుసకొక గాజు: పేరు, రంగు, సైజు, మధ్యలో కామాలు, అంతే. ఆపా దాన్ని కంప్యూటర్ షీట్‌లో తెరిచి రంగులు దిద్ది ఇస్తే, నా ప్రోగ్రాం మళ్లీ సైటులోకి ఎక్కించాలి. పదో రోజుకే రాసి పారేశాను.

"తీసి చూసినవా?" అని అడిగింది ఆపా.

"చూసిన."

"ఎక్కించి చూసినవా?"

"చూసిన ఆపా."

"ఎక్కించింది మళ్ల తీసి చూసినవా, బేటీ?"

"అక్కర్లే ఆపా, పక్కా ఉంది" అని కోతలు కోశాను.

పద్నాలుగో రోజు ఆపా దిద్దిన ఫైలును ఎక్కించి సైటు తెరిచాం. గంట గడవకముందే బార్కస్ నుంచి ఒకావిడ ఫోను చేసింది. "మా బిడ్డ పెండ్లికి గాజులు చూస్తున్న. రెండు ఏప్రిల్ సైజంటే ఏంది ఆపా? పెద్దదా, చిన్నదా?"

సైటు చూద్దును కదా, దుకాణమంతా క్యాలెండరైపోయింది! 2-4 సైజు కాస్తా ఏప్రిల్ రెండు, 2-6 జూన్ రెండు. ఆ షీట్ మా సైజులను తేదీలనుకుని మార్చేసింది. నా ప్రోగ్రాం వాటిని కళ్లు మూసుకుని ఎక్కించేసింది. రేపటితో నా గడువు తీరిపోతుంది.

"మీరు షీట్‌ల సేవ్ చేసిన్రు గద ఆపా, గందుకే..." అని నోరు జారాను. వెంటనే నా మీద నాకే సిగ్గేసింది. "కాదు ఆపా, తప్పు నాదే. ఎక్కించినంక మళ్ల తీసి చూడలే."

ఆపా కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఒక్క గాజన్న పగిలిందా? ఫికరెందుకు?" అని, ఫోనులో ఆవిడతో, "బిడ్డను తోల్కొని రా అమ్మా, చెయ్యి చూసి చెప్త" అంది. తర్వాత నా చేతికి ఒక గాజు తొడిగి, మెల్లగా తీసింది. "ఎక్కినప్పుడు అందరికీ ఖుషీనే. పగలకుండ దిగితేనే సైజు సరి."

అల్మారాలో డబ్బాలు చూపించింది. ప్రతి డబ్బా మీదా 'సైజు 2-4', 'సైజు 2-6' అని రాసి ఉంది. "అంకె ఒక్కటే రాస్తే ఎవరికి తోచింది వాళ్లనుకుంటరు. గందుకే ముందు పేరు రాస్తం" అంది.

నాకు లైటు వెలిగింది. ఫైలు తీసేటప్పుడు అంకెకు ముందు 'సైజు' అన్న మాట చేరేలా, ఎక్కించేటప్పుడు పోయేలా ప్రోగ్రాం మార్చాను. ఇక షీట్ దాన్ని తేదీ అనుకోలేదు. ఆపా ముట్టని మొదటి ఫైలు నా దగ్గరుండబట్టి సైజులన్నీ వెనక్కొచ్చాయి. రంగులు ఇద్దరం కలిసి మళ్లీ దిద్దాం. ఈసారి ఎక్కించాను, మళ్లీ తీశాను, రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూశాను. అక్షరం తేడా లేదు.

"దిగింది ఆపా!" అని అరిచాను.

"అయితే పదహారో దినం గూడ రా" అంది.

మొన్న మా కొత్త అమ్మాయి, "ఫైలు ఎక్కించేసిన మేడం, పనైపోయింది" అంది. దిగిందా అని అడిగితే, "ఏది దిగాలి మేడం?" అంది. నేను పెద్ద రజియా ఆపాలా నా గాజు తీసి ఆమె చేతికి తొడిగాను. ఎక్కనైతే ఎక్కింది కానీ, ఎంత లాగినా దిగలేదు! కణుపులు చూసి సైజు చెప్పే విద్య నాకు ఇప్పటికీ అబ్బలేదు. చివరికి సబ్బు రాసి తీశాం. ఆ అమ్మాయి చెయ్యి తుడుచుకుంటూనే కుర్చీలో కూర్చుని, ఎక్కించిన ఫైలును మళ్లీ తీసి చూడటం మొదలుపెట్టింది.