నిమ్మకాయల దండలో ట్రాలీ లాకు

చిటికెన వేలంత ఇనుప ముక్క. దాని బరువును చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. మోస్తున్నానంటే మరీ కుంగిపోయి కాదు. వేళకు తింటున్నాను, పడుకుంటే నిద్ర పడుతోంది, కొంచెం ఒళ్ళు కూడా చేశాను. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మీకే మొదట చెబుతున్నాను. మీరు మా ఊరివాళ్ళు కాదు, ఆ ఒక్క అర్హత చాలు.

మా బావ, అంటే అక్క భర్త, ట్రాక్టరు డ్రైవరు. గోదావరి ఒడ్డున ఉన్న మా ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళ సంఘం మెట్‌పల్లిలో ఇనుప పడవ చేయించింది. దాన్ని రెండు చక్రాల ట్రాలీ మీద ఊరికి తెచ్చే పని బావది. నేను సాయానికి వెళ్ళాను. బావ పడవను కట్టే తీరే వేరు. తాళ్ళన్నీ మళ్ళీ లాగి చూశాడు. పడవలో వెనక పెట్టిన దాని ఇంజనును ముందుకు జరిపించాడు. వెనక బరువైతే ట్రాలీ మూతి లేచి బండి ఊగుతుందనీ, బరువు ట్రాక్టరుకు తగిలించే కొక్కెం మీద కూర్చోవాలనీ అతని పట్టు.

బయల్దేరే ముందు పూజ. మాది చర్చికి వెళ్ళే కుటుంబం, చేపల సంఘంలో మిగతావాళ్ళు గంగమ్మను కొలిచేవాళ్ళు. కనుక మా పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు, వాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. పై నుంచి రావలసిన రక్షణలో ఏ లోటూ లేదు. దిష్టి తగలకుండా నిమ్మకాయలు, పచ్చిమిరపకాయల దండను పడవ ముక్కుకు కట్టమని నా చేతికిచ్చారు. దారం పొట్టిదైంది. తగిలించడానికి ఏదైనా వంకీ కావాలి. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య లావుపాటి పిన్ను ఉంటుంది. అది కుదుపులకు పైకి ఎగరకుండా కింద ఒక క్లిప్పు పెడతారు. మేం లాకు అంటాం. నా కంటికి అదే కనబడింది. తీశాను. దానితో తగిలిస్తే దండ పడవ ముక్కుకు ముచ్చటగా వేలాడింది, లాకు నిమ్మకాయల మధ్య దాగింది.

లాకు బదులు తీగ చుడదామనుకున్నాను. అంతలో బగారన్నం వడ్డించారు. తిని వచ్చి ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చున్నాను. ట్రాక్టరు స్టార్టు చేసి బావ వెనక్కి తిరిగాడు.

"పిన్నుకు లాకు ఏసినవారా?"

"ఏసిన బావా. ఫికర్ చెయ్యకు."

"ఏసినవా, ఏసిన అంటున్నవా?"

"జర నమ్ము బావా. నీ బామ్మర్దిని."

"గందుకే అడుగుతున్న."

మర్చిపోయానని రాస్తే మీరు నన్ను ఇక్కడే క్షమించి వదిలేస్తారు. మర్చిపోలేదు. అతను అడిగిన క్షణంలో గుర్తొచ్చింది. దిగాలంటే అందరి ముందూ దండ విప్పాలి, నవ్వుతారు. ఊళ్ళో నవ్వించే పని నాది, నవ్వులపాలయ్యే పని వేరేవాళ్ళది. ఇంత గొప్ప కారణం కోసమే అబద్ధం చెప్పాను.

ఊరికి దగ్గర్లో, దిగుడులో, ఒక స్పీడ్‌బ్రేకరు. పిన్ను ఎగిరింది. మేం రోడ్డు మీద ముందుకు పోయాం, పడవ పసుపు చేనులోకి పోయింది. నీళ్ళు చూడకుండానే దాని పక్క చీలింది. గట్టు కింద గడ్డి కోస్తున్న ఒక పెద్దవ్వ కట్ట ఎత్తుకుని అప్పుడే పైకి ఎక్కింది. ఆమె ఇంకో గుప్పెడు గడ్డికి ఆశపడి ఉంటే? ఈ ప్రశ్న మీద నాకు జోకు దొరకలేదు. చాలాసార్లు వెతికాను.

దండ చెక్కుచెదరలేదు. దిష్టి తగల్లేదన్నమాట. సంఘంవాళ్ళంతా వచ్చి లాకు కోసం కొక్కెం కింద వెతికారు, చేనులో వెతికారు, నిమ్మకాయల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. "లాకు చూసుకునుడు డ్రైవర్ పని గాదా?" అన్నాడు సంఘం పెద్ద. బావ నా వైపు చూశాడు. తర్వాత పడవ ముక్కు వైపు చూశాడు. "నా తప్పే," అన్నాడు.

దండలో లాకును చూశాడా? చూసే అన్నాడా? లేక డ్రైవరైనందుకు అన్నాడా? అడగలేదు. అడగాలంటే ముందు నేను చెప్పాలి కదా.

తర్వాత ఎవరూ అతనికి స్టీరింగు ఇవ్వలేదు. మస్కట్ వెళ్ళి గోదాములో మూటలు దించుతున్నాడు. ఇక్కడ నేను ట్రాక్టరు నేర్చుకున్నాను. లాకు వేస్తాను, పైన గొలుసు కడతాను, కొంత దూరం పోయాక దిగి మళ్ళీ చూస్తాను. జాగ్రత్త అంటే వీడిదేనని నాకు పేరు. ప్రతి ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాపాలు ఒప్పుకుంటాను. గుంపులో ఒప్పుకోవడం హాయిగా ఉంటుంది, క్లిప్పుల సంగతి ఎవరూ అడగరు.

నిన్న సంఘం కొత్త పడవను తెచ్చే పని నాకిచ్చింది. "నీ బావ లెక్క చెయ్యకు బిడ్డా," అన్నాడు అదే పెద్దాయన. నేను తల ఊపాను. ఆ ఊపుడు దగ్గరే నా ధీమా తెగింది. అబద్ధం ఒకసారి చెప్పి ఊరుకున్నాననుకున్నాను. కాదు, ఇన్నాళ్ళూ చెబుతూనే ఉన్నాను.

వచ్చే వారం బావ సెలవు మీద వస్తున్నాడు. పడవ దగ్గరికి అతన్నీ తీసుకెళ్తాను. పూజకు సంఘమంతా ఉంటుంది. దండ కట్టే ముందు, వాళ్ళందరి ఎదుట, ఇక్కడ రాసిందే చెబుతాను. అతనికి మళ్ళీ స్టీరింగు ఇస్తారో లేదో తెలియదు. అతను నన్ను కొట్టినా, ఎప్పుడో తెలుసన్నా, పోయిన ఏళ్ళు తిరిగి రావు. వాళ్ళు నవ్వితే నవ్వనీ.

లాకు తీసింది నేను. వేశానన్నదీ నేనే. ఇన్నాళ్ళూ ఈ బరువును వెనక పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు ముందుకు జరిపాను. బరువు తగ్గలేదు. బండి మాత్రం ఊగడం లేదు.