రోడ్డు మీద కలిసిపోయిన ఎనిమిది బిళ్లలు

పన్నెండేళ్లు దాటింది, మోస్తూనే ఉన్నాను. తూస్తే నవ్వొస్తుంది: ఎనిమిది మెగ్నీషియం బిళ్లలు, అన్నీ కలిపినా గుప్పెడు అటుకులంత ఉండవు. అయినా దించుకోలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

బిళ్లలు జమునవి. గార్ల దగ్గరి తండా పిల్ల. నాది బచ్చన్నపేట. ఇద్దరం ఒకే ల్యాబులో లోహాల మీద పరిశోధన చేసేవాళ్లం. విరిగిన ఎముకను పట్టి ఉంచి, అతుక్కున్నాక ఒంట్లోనే కరిగిపోయే మెగ్నీషియం స్క్రూలు మా పని. తొందరపడి కరిగితే ఎముక జారిపోతుంది. ఆ వేగం లోహంలో ఏం కలిపామన్నదాని మీదే కాదు, లోపలి స్ఫటికాలు ఎటు తిరిగి ఉన్నాయన్నదాని మీద కూడా ఉంటుందని జమున నమ్మకం. రేకుగా సాగదీస్తే పరమాణువుల పొరలు విస్తరాకుల కట్టలా పడుకుంటాయి. పైముఖం ఉప్పునీటిని ఓర్చుకుంటుంది, అడ్డంగా కోసిన ముఖం త్వరగా కరుగుతుంది. అది తేల్చడానికి ఒకే రేకు నుంచి నాలుగు బిళ్లలు పైముఖం వచ్చేలా, నాలుగు అడ్డంగా కోసింది. చూపుకు అన్నీ ఒకటే. ఏవి ఏవో రెండు పొట్లాల మీద రాసింది.

తెలంగాణ కోసం సమ్మె మొదలై హాస్టల్ మూసేశారు. జమున మహబూబాబాద్ ధర్నాకు పోతూ పొట్లాలు నా చేతిలో పెట్టింది. ఊరికి పోతూ నేనెక్కిన జీపు జనగామలో ఆగింది. రోడ్డు మీదే ఉద్యమకారుల వంటావార్పు: పొయ్యిలు, పప్పు, డప్పు, పాట. ఎవరు ఊరుకుంటారు? ఆడాను. అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ ఆడలేదు. ఆ ఊపులో భుజాన సంచి తిరగబడి, పొట్లాలు విడిపోయి, బిళ్లలు తారు మీద చెల్లాచెదురయ్యాయి. ఒకటి పప్పు గిన్నె పక్క నుంచి తీసి ఓ అవ్వ, "బిడ్డా, గీ బిళ్ల నీదేనా?" అంది. ఎనిమిదీ దొరికాయన్న సంబరంలో తోచినట్టు నాలుగు ఇటు, నాలుగు అటు కట్టేశాను.

అంతవరకు పొరపాటే. తప్పు తర్వాతిది.

ల్యాబు తెరిచాక, కలిసిపోయిన సంగతి చెప్పకుండానే పొట్లాలు తిరిగిచ్చాను. జమున బిళ్లల్ని ఉప్పునీటిలో వేసింది. ఫలితం గందరగోళం. అది నీ ఊహే తప్ప మరేం కాదని మా సారు కొట్టిపారేశారు. ఆమె వరండాలో నా పక్కన కూర్చుంది.

"పొట్లాల మీద నేనే తప్పు రాసిన కావచ్చు అక్కా."

"గట్లనే అయ్యుంటది తియ్యి" అన్నాను.

ఎందుకన్నాను? భయమా? తండా నుంచి వచ్చిన పిల్ల తప్పు చేసిందంటే ఎవరూ ఆశ్చర్యపోరని, నేను చేశానంటే పరువు పోతుందని నాలో ఎక్కడో లెక్క ఉందా? ఉంది. ఇప్పుడు కాదనలేను.

జమున మళ్లీ కోసింది. ఆరు నెలలు. ఈసారి ఆమె అన్నట్టే తేలింది. ఆ రోజు ల్యాబులో మిర్చిబజ్జీలు పంచింది. అచ్చయిన వ్యాసం చివర, నమూనాలను భద్రంగా ఉంచినందుకు నాకు కృతజ్ఞతలు కూడా చెప్పింది!

ఇప్పుడు భూపాలపల్లిలో పాఠాలు చెబుతుంది. మొన్న తన క్లాసుకు తీసుకెళ్లింది. "రాసింది రెండుసార్లు సూసుకోండ్రి. నేను తప్పు రాసి ఆరు నెలలు పోగొట్టుకున్న. గీ అక్కనే అడుగుండ్రి" అంది, నవ్వుతూ. ఏటా చెబుతుందట. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఇది ఆమెకు చూపిస్తానా? తెలియదు. కానీ ఒక్కచోటైనా ఉన్నదున్నట్టు ఉండాలి: జమున ఏ పొట్లం మీదా తప్పు రాయలేదు. కలిపింది నేను. తెలిసీ ఆమె మీదికి నెట్టింది నేను.