పగటి నిద్ర గది

సలోమి ఇంట్లో పదహారేళ్ళపాటు సాయంత్రం నాలుగు దాటితే గాని మిక్సీ తిరగలేదు. భర్త యేసురాజు గ్లాస్గోలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. ఎప్పుడూ నైట్ డ్యూటీలే అడిగి వేయించుకునేవాడు. పొద్దున ఎనిమిదిన్నరకు ఇంటికొచ్చి, ఇంత అన్నం తిని, వెనకవైపు చిన్నగదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. పట్టపగలు వెలుతురు పడకుండా ఆ గది కిటికీకి సలోమి మందపాటి నల్లగుడ్డతో కర్టెన్లు కుట్టింది. ఆయన నిద్రపోయినంతసేపూ ఆమె కుక్కర్ పెట్టేది కాదు, కుళాయి పెద్దగా తిప్పేది కాదు. కూతురు జెస్లిన్ చిన్నప్పుడు బడికి సెలవైన రోజుల్లో బొమ్మలతో కూడా గుసగుసగానే మాట్లాడేది. పెద్దగది తల్లీకూతుళ్ళది. చిన్నగది ఆయన పగటి నిద్రది.

గ్లాస్గోలోని గోవన్ పేటలో వాళ్ళ ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంటుంది. బాపట్ల దగ్గర పల్లెలో ఏడో తరగతితో బడి మానేసిన సలోమికి ఇంగ్లీషు పెద్దగా రాలేదు. ఆమెకు ఊరంటే ఇల్లు, కూరగాయల కొట్టు, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు స్కాట్లాండు వాళ్ళ చర్చి వెనక హాల్లో జరిగే తెలుగు క్రైస్తవుల సహవాసం. అంతే. జెస్లిన్ చదువు పూర్తిచేసి ఉద్యోగానికి బ్రాక్‌నెల్ వెళ్ళిపోయాక పెద్దగదిలో ఆమె ఒక్కతే అయింది. అయినా మిక్సీ వేళ మారలేదు.

రెండేళ్ళ క్రితం డిసెంబరులో, డ్యూటీ దిగి బట్టలు మార్చుకుంటూ యేసురాజు ఆసుపత్రిలోనే కూలబడిపోయాడు. చుట్టూ డాక్టర్లే. అయినా ప్రాణం నిలవలేదు.

సమాధి కార్యక్రమానికి పదహారు రోజులు ఆగాల్సి వచ్చింది. సహవాసంలో ఆడవాళ్ళు రోటా వేసుకొని రోజుకొకరు కూర, చారు తెచ్చి పెట్టారు. సమాధి అయిన మూడోనాడు ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. ముప్పై మంది ఆ చిన్న హాల్లో ఇరుక్కొని కూర్చొని పాటలు పాడారు, ప్రార్థన చేశారు, ఆమె తల నిమిరారు. వారం గడిచాక ఎవరి డ్యూటీలు వాళ్ళవి అయ్యాయి. అది తప్పని సలోమి ఎప్పుడూ అనుకోలేదు. వెళ్ళకుండా మిగిలింది మాత్రం యాదమ్మ ఒక్కతే.

యాదమ్మది నిజామాబాద్ వైపు. ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి, కేర్ వీసా మీద వచ్చి, ముసలివాళ్ళ ఇళ్ళకు తిరిగి స్నానాలు చేయించే పనిలో ఉండేది. సలోమి కంటే పదేళ్ళు చిన్నది. షిఫ్టు అయిపోగానే బస్సెక్కి వచ్చేది. సలోమి మంచం పక్కన కార్పెట్ మీద దుప్పటి పరుచుకొని పడుకునేది. అలా నలభై రోజులకు పైనే.

ఆ రోజుల్లో ఒక పొద్దున యాదమ్మ వంటింట్లో కొబ్బరి పచ్చడికని మిక్సీ వేసింది. పెద్దగదిలోంచి సలోమి పరుగెత్తుకొచ్చింది.

"ఆపు! ఆపవే! ఆయన పడుకున్నారు!"

యాదమ్మ చటుక్కున స్విచ్ కట్టేసింది. సలోమి మొహంలోకి చూసింది. ఆయన లేడు కదా అక్కా అనలేదు. ఏడవద్దని కూడా అనలేదు.

"తప్పైంది అక్కా. సారును లేపుతనా ఏంది, ఇగ సప్పుడు జెయ్య. గా చిన్న రోట్ల నూర్త తీ."

నూరింది. ఆ మాట బయట ఎవరికీ చెప్పలేదు. ఆ చిన్నగది తలుపు ఎందుకు వేసే ఉంటుందో సలోమికి, యాదమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తలుపు వేసి ఉన్నంతకాలం ఆయన డ్యూటీ దిగి వచ్చి పడుకున్నట్టే. తీస్తే, పోయినట్టు.

మరుసటి ఏడాది నవంబరులో యాదమ్మ పనిచేసే కంపెనీ మూతపడింది. ఆరుగురిని ఒక ఇంట్లో పెట్టింది ఆ కంపెనీయే కాబట్టి ఇల్లు కూడా పోయింది. ఆ వీసా ఉన్నవాళ్ళకు నగర కౌన్సిల్ ఇల్లివ్వదు. తక్కిన ఐదుగురూ తెలిసినవాళ్ళ దగ్గరికి చెదిరిపోయారు. యాదమ్మకు తెలిసినవాళ్ళంటే సహవాసమే.

ఆ ఆదివారం వాక్యం చెప్పడం అయ్యాక అనూప్ అయ్యగారు మైకు పక్కన పెట్టేశారు. ఆయనది వారమంతా కంప్యూటర్ ఉద్యోగం, ఆదివారం సంఘంలో పాస్టరు పని. చిన్న వయసు, మెత్తని మనసు.

"మన సహోదరి ఒకరికి ఉండడానికి చోటు లేదు. పేరు చెప్పను, మీకందరికీ తెలుసు. అందరం తలలు వంచి కళ్ళు మూసుకుందాం. ఎవరి ఇంట్లో చోటుందో, ఎవరితో దేవుడు మాట్లాడుతున్నాడో వాళ్ళు మెల్లగా చెయ్యెత్తండి. ఎవరూ చూడరు. రాజారావు అంకుల్ ఒక్కరే చూస్తారు."

వాళ్ళ దగ్గర అది అలవాటే. ఉపవాసాలకైనా, కానుకలకైనా, ఏ తీర్మానానికైనా కళ్ళు మూసుకొని చెయ్యెత్తడమే. ఇచ్చినవాళ్ళు గొప్పలు పోకుండా, ఇవ్వలేనివాళ్ళు చిన్నబోకుండా పెద్దలు పెట్టిన పద్ధతి. చెయ్యెత్తినవాళ్ళు తర్వాత తామే వెళ్ళి చెప్పుకోవాలి.

కీబోర్డు సన్నగా మోగుతోంది. యాదమ్మ సలోమికి రెండు వరసల ముందు కూర్చొని ఉంది. సలోమి చెయ్యి దానంతట అదే లేచింది. భుజం దాటింది. అప్పుడు ఆమె మూసిన కళ్ళకు నల్లకర్టెన్లు కనిపించాయి. ఆ మంచం మీద ఇంకొకరు పడుకోవడం, పొద్దున్నే కిటికీ తెరవడం కనిపించింది. చెయ్యి దించేసింది.

తన గదిలోనే ఒక పరుపు వేసి పడుకోబెట్టొచ్చు గదా అని తర్వాత ఆమె ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఆ క్షణాన ఆ ఆలోచనే రాలేదు. చోటు అనగానే ఆమె మనసుకు తట్టింది ఆ గది ఒక్కటే.

"ఆమేన్. స్తోత్రం" అన్నారు అయ్యగారు, వెలిగిపోతున్న మొహంతో. అంటే ఎవరో ఎత్తారన్నమాట అనుకుంది సలోమి. గుండె తేలికపడింది. ఆ తేలికదనమే తర్వాత ఆమెకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గు తెచ్చింది. టీ బల్ల దగ్గర యాదమ్మ అటూ ఇటూ చూస్తూ నిలబడి ఉంటే, సలోమి పక్క తలుపులోంచి బయటికి వచ్చి బస్సెక్కేసింది. ఆ మరుసటి ఆదివారం జలుబని చర్చికి పోలేదు.

పదకొండు రోజులు గడిచాయి. గురువారం మధ్యాహ్నం బజర్ మోగింది. రాజారావు గారు మూడంతస్తులూ ఎక్కి, ఆయాసపడుతూ చేతిలో స్టీలు క్యారేజీతో నిలబడ్డారు. ఒంగోలాయన. సంఘంలో పెద్ద.

"ఈ మెట్లు ఎక్కితే పరలోకం ఇంకో రెండు మెట్లేనమ్మా సలోమీ! ఇదిగో, మీ వదిన చేపల పులుసు పంపింది. ఇద్దరికీ సరిపోద్ది. ముక్కలన్నీ నువ్వే తినేసి యాదమ్మకు పులుసు మిగల్చమాక."

సలోమి క్యారేజీ అందుకోబోయి ఆగింది. "యాదమ్మ ఇక్కడెందుకుంటది అన్నయ్యగారూ?"

"ఎందుకేంటి? పని వెతుక్కోడానికి వెళ్ళిందా?"

"ఇక్కడ లేదండీ. ఎవరో చెయ్యెత్తారు గదా, వాళ్ళింట్లో..."

రాజారావు గారి నవ్వు ఆగిపోయింది. "చెయ్యెత్తింది నువ్వే గదమ్మా. నా కళ్ళతో చూశాను. అప్పుడే అయ్యగారి చెవిలో చెప్పాను."

"ఎత్తాను" అంది సలోమి. "వెంటనే దించేశాను."

ఆయన గుమ్మం పక్కనున్న కుర్చీలో కూలబడ్డారు. "చూడగానే కళ్ళు మూసుకొని దేవుణ్ణి స్తుతించుకున్నాను తల్లీ. మళ్ళీ తెరిచి చూడలా. తర్వాతైనా ఒక్క మాట అడిగుండాల్సింది. గుట్టుగా చేసేవాళ్ళని కదపకూడదని ఊరుకున్నాను."

అయ్యగారు కూడా అందుకే అడగలేదు. ఇంకొక చోటు వెతకడం కూడా ఆపేశారు. సలోమి ఎవరో తీసుకెళ్ళారనుకుంది, వాళ్ళు సలోమి తీసుకెళ్ళిందనుకున్నారు. ఎవరూ వచ్చి పిలవకపోయేసరికి యాదమ్మ, చోటు లేదు కాబోలు అనుకొని ఊరుకుంది. రెండో ఆదివారం అందరితోపాటు కూర్చొని పాటలు పాడి వెళ్ళిపోయింది. "అంతా బాగేనా యాదమ్మా?" అని ఎవరో అడిగితే "దేవుని దయ" అంది.

అక్కడికక్కడే అయ్యగారికి ఫోన్ చేశారు. ఆయన యాదమ్మకు చేసి, పది నిమిషాలకు మళ్ళీ సలోమికి చేశారు. "నైట్ షెల్టర్లో ఉందంట ఆంటీ. వేరే చర్చి వాళ్ళు చలికాలం నడిపేది. పొద్దున ఎనిమిదికి బయటికి పంపేస్తారు. పగలంతా లైబ్రరీలో కూర్చుంటోందంట. ఎక్కడో దూరాన వెంబ్లీలో ఏదో పని ఉందని ఎవరో చెప్పారంట. రేపు పొద్దున తొమ్మిదింటి బస్సుకి వెళ్ళిపోతోంది."

ఆ సాయంత్రం సలోమి కూతురికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. జెస్లిన్ మెల్లగా అంది. "మమ్, షీ స్లెప్ట్ ఆన్ అవర్ ఫ్లోర్ ఫర్ యూ."

సలోమి ఫోన్ పెట్టేసి చిన్నగది తలుపు తీసింది. కుర్చీ ఎక్కి కర్టెన్లు దించింది. దుప్పట్లు మార్చింది. ఆయన కళ్ళజోడు, బీపీ మాత్రల డబ్బా పెద్దగదిలోకి తెచ్చుకుంది. అంతా కలిపి అరగంట పని. ఇంతేనా అనిపించింది ఆమెకు. ఇంతేనా?

పొద్దున బస్ స్టేషన్‌లో యాదమ్మ ఒక సూట్‌కేసు, రెండు సంచులతో బెంచీ మీద కూర్చొని ఉంది. దగ్గుతోంది. సలోమిని చూడగానే లేచింది.

"గింత పొద్దుగాల ఎందుకొచ్చినవే అక్కా, చలిల! షాల్ గూడ సక్కగ కప్పుకోలే."

"ఇంటికి రా యాదమ్మా. గది సర్దాను. నీకోసమే."

"నాకేమైందని? మంచిగనే ఉన్న. గా షెల్టర్ల తెల్లతల ముసలమ్మలు ఎంత పాణంగ చూసిండ్రనుకున్నవ్! పొద్దుగాల్ల జావ లెక్క ఓట్స్ పోస్తరు, ఉప్పేసి. జర మామిడికాయ తొక్కు ఉంటే ఇయ్యుండ్రి అంటే మొకం మొకం చూసుకున్నరు." నవ్వబోయి దగ్గింది.

"నన్ను ఒక్కమాట అడగొచ్చు గదే. నా దగ్గరికి రావచ్చు గదా."

యాదమ్మ సంచి పట్టీ సవరించుకుంది. "అడిగితే నువ్వు కాదనవు. గందుకే అడగలే. గా గదిల సారు పండుకున్నడని నాకెరుక గద అక్కా."

"కర్టెన్లు తీసేశాను" అంది సలోమి.

"అయ్యో, ఎందుకు తీసినవే!" అంది యాదమ్మ. తన గురించి అంతసేపూ నవ్వుతూ మాట్లాడిన మనిషి అప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సలోమి చెయ్యి పట్టుకుంది. "గిప్పుడు నువ్వెట్ల పండుతవ్ గా ఇంట్ల?"

"ఉండిపోవే. నీకు దణ్ణం పెడతాను."

"పని చూస్తమన్నరు అక్కా. రెండు నెల్లల్ల ఎవలన్న వీసా కాగితాలు చెయ్యకపోతే మా ఊరికే పోవాలె. పోనియ్యి. ఒక వారం ముంగట అయితే ఉండేదాన్నేమో, ఏమో."

బస్సు వచ్చింది. సలోమి తెచ్చిన పులిహోర డబ్బా యాదమ్మ తీసుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని సలోమికి ఇంటికి పోతున్న దారంతా అనిపించింది.

ఆ ఆదివారం అనూప్ అయ్యగారు అందరి ముందు నిలబడి క్షమాపణ అడిగారు. అవసరంలో ఉన్నవాళ్ళ విషయంలో ఇక కళ్ళు మూసుకొని చేతులెత్తడాలు ఉండవన్నారు. ఒక కాగితం మీద పేరు, ఫోను నంబరు రాయాలి, ఆ రాత్రికే ఎవరో ఒకరు వెళ్ళి మనిషి చేరిందో లేదో చూసి రావాలి. మొదటి పేరు సలోమిదే. ఆరో తరగతి పిల్లల అక్షరాల్లా పెద్దపెద్దగా రాసింది.

అప్పటినుంచి ఆ చిన్నగదిలో నలుగురు ఉండి వెళ్ళారు. భర్త కొట్టి తరిమేసిన ఒకమ్మాయి, వీసా కాగితాల కోసం ఎదురుచూసిన తల్లీబిడ్డలు, భార్య చనిపోయి ఇంటి అద్దె కట్టలేకపోయిన ఒక స్కాట్లాండు ముసలాయన. ఆయనకు తెలుగు రాదు, ఆమెకు ఆయన ఇంగ్లీషు అర్థం కాదు. ఇద్దరూ టీ తాగుతూ పోయిన తమవాళ్ళ ఫొటోలు ఒకరికొకరు చూపించుకునేవారు.

యాదమ్మకు వెంబ్లీలో పని కుదిరింది. సలోమి శనివారాలు ఫోన్ చేస్తుంది. ఒక్కోసారి ఎత్తుతుంది, ఒక్కోసారి షిఫ్టులో ఉంటుంది. "ఒకసారి వచ్చి పోవే" అంటే "రోటా చూస్కొని వస్త అక్కా, నీ తోడు" అంటుంది. ఏడాది దాటింది, రాలేదు. ఆ దగ్గు ఇంకా పూర్తిగా తగ్గలేదని మాత్రం సలోమికి ఫోన్లో వినిపిస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళావా, ఏమన్నాడు అని అడుగుతుంది. యాదమ్మ మాట మార్చి పిల్లల చదువుల సంగతి చెబుతుంది.

కొత్తగా సహవాసానికి వచ్చినవాళ్ళకు రాజారావు గారు సలోమిని చూపించి, "ఈమె ఇంట్లో ఎప్పుడూ ఒక గది దేవుడి పేరున ఉంటుంది" అని గొప్పగా చెబుతారు. ఆమె తల వంచుకుంటే అణకువ అనుకుంటారు. కాదని చెప్పాలని నోరు తెరుస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, లేచి టీ కప్పులు కడగడానికి వెళ్ళిపోతుంది.